ఉద్యోగాల గ్రూపుల్లో ఏది పనికొస్తుంది, ఏది మోసం? దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ యువతకు, వాళ్ల అమ్మానాన్నలకు ‘టాలెంట్ కమ్యూనిటీ’ గైడ్

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండే ఏ కుర్రాడి ఫోన్ చూసినా ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులు, టెలిగ్రామ్ ఛానళ్లు పదికి తక్కువ ఉండవు. పొద్దున లేవగానే ‘అర్జెంట్ రిక్వైర్‌మెంట్’, ‘రేపే వాక్ ఇన్’, ‘ఫ్రెషర్స్‌కు మాత్రమే’ అంటూ మెసేజీలు వచ్చి పడతాయి. చదివేవాళ్లు తక్కువ, ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎక్కువ. ఇంట్లో అమ్మీ అడుగుతుంది, ‘రోజంతా ఫోన్ పట్టుకుని ఏం చేస్తున్నావ్ బేటా’ అని. ‘నౌక్రీ వెతుకుతున్నా’ అంటాడు. నిజంగానే వెతుకుతున్నాడు, కానీ ఆ గ్రూపుల్లో చాలావాటిలో వెతికితే దొరికేది ఏమీ ఉండదు.

కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో మాత్రం కొన్నేళ్లుగా ‘టాలెంట్ కమ్యూనిటీ’ అనే మాట బాగా నడుస్తోంది. సోషల్ మీడియాలో ఒక వృత్తి వాళ్లను ఒకచోట చేర్చి, అవసరం వచ్చినప్పుడు అందులోంచి మనుషుల్ని తీసుకోవడం అన్నమాట. ఇది పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలకే పరిమితమైన సంగతి కాదు. మలక్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్న ఆసుపత్రులకు, బట్టల షోరూములకు, కోచింగ్ సెంటర్లకు, ఆడిటర్ల ఆఫీసులకు కూడా మనుషులు కావాలి. వాళ్లలో చాలామంది ఇప్పుడు పేపర్లో ప్రకటన ఇవ్వడానికి ముందు ఫోన్లోనే అడుగుతున్నారు. అందుకే ఈ కమ్యూనిటీలు ఎలా పనిచేస్తాయో ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది.

నోటీసు బోర్డు వేరు, కమ్యూనిటీ వేరు

పాత పద్ధతి మనకు తెలిసిందే. ఖాళీ ఏర్పడుతుంది, ప్రకటన ఇస్తారు, రెజ్యూమెలు వస్తాయి. పది మందిని పిలిచి ఒకరిని తీసుకుంటారు. మిగతా తొమ్మిది మంది సంగతి అంతటితో సరి. ఆరు నెలలకు మళ్లీ ఖాళీ వస్తే మళ్లీ మొదటి నుంచి.

కాస్త జాగ్రత్త ఉన్న సంస్థ ఆ తొమ్మిది మంది పేర్లు దాచుకుంటుంది. దీన్ని టాలెంట్ పూల్ అంటారు. నిజానికి అదొక జాబితా మాత్రమే. అందులో మన పేరు ఉందని కూడా మనకు తెలియదు. కమ్యూనిటీ దీనికి పై మెట్టు. పని తెలిసినవాళ్లు, నేర్చుకుంటున్నవాళ్లు, ఆ పనికి మనుషులు కావలసినవాళ్లు ఒకేచోట ఉండి, ఖాళీలు లేని రోజుల్లో కూడా మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకరు చిక్కు చెబుతారు, ఇంకొకరు దారి చెబుతారు. ఉద్యోగం ఇచ్చేవాడు ఇదంతా గమనిస్తుంటాడు. ఖాళీ వచ్చేసరికి ఎవరు ఏపాటి వాళ్లో అతనికి ముందే ఒక అంచనా ఉంటుంది.

మీరున్న గ్రూపు ఏ రకమో తేల్చుకోవడం కష్టమేం కాదు. వారం రోజుల మెసేజీలు వెనక్కి జరిపి చూడండి. ఎవరైనా పని గురించి ప్రశ్న అడిగారా? దానికి ఎవరైనా ఓపిగ్గా జవాబు చెప్పారా? ‘ఇక్కడ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను, ఇవి అడిగారు’ అని ఎవరైనా రాశారా? అన్నీ ఫార్వర్డులే అయితే అది నోటీసు బోర్డు. నోటీసు బోర్డు వల్ల నష్టం లేదు. రోజుకు పది నిమిషాలు చూసి పక్కన పెట్టేయొచ్చు. దాన్నే పట్టుకుని కూర్చుంటే మాత్రం రోజులు పోతాయి.

అడ్డా మీద ఉన్నదే ఫోన్లోకి వచ్చింది

పని కోసం ఒకచోట చేరడం మన దగ్గర కొత్తేం కాదు. ఎల్బీ నగర్ వైపు తెల్లవారకముందే లేబర్ అడ్డా మీద నిలబడే మేస్త్రీలను, కూలీలను చూడండి. కాంట్రాక్టర్ బండి ఆపి కనబడ్డవాణ్ణల్లా ఎక్కించుకోడు. టైల్స్ పని ఎవరు బాగా చేస్తారో, ఎవరు మధ్యాహ్నానికే వెళ్లిపోతారో అతనికి తెలుసు. తెలియకపోతే పక్కన నిలబడ్డవాణ్ని అడుగుతాడు. అడ్డాలో మనిషికి పేరుంటుంది, ఆ పేరు మీదే పని దొరుకుతుంది.

నిర్మిత్ పారిఖ్ 2019లో మొదలుపెట్టిన ‘అప్నా’ యాప్ ఇదే సంగతిని ఫోన్లో పెట్టింది. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, బ్యుటీషియన్లు, టెలికాలర్లు, ఇలా వృత్తివారీగా కమ్యూనిటీలు పెట్టి, ఉద్యోగాల జాబితాతో పాటు వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీలు కల్పించింది. 2021 సెప్టెంబరు నాటికి పెట్టుబడిదారులు ఆ కంపెనీకి కట్టిన విలువ 110 కోట్ల డాలర్లు. ఆఫీసు ఉద్యోగాలవాళ్లకు లింక్డ్‌ఇన్ 2003 నుంచే ఉంది. మన దేశంలో దాని సభ్యులు 2023 నాటికి 10 కోట్లు దాటారు. తెలంగాణ ప్రభుత్వం కూడా ‘డీట్’ పేరుతో డిజిటల్ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిని 2024 డిసెంబరులో పెద్దపల్లి సభలో ప్రారంభించింది. డీట్‌లో పేరు నమోదు చేసుకోండి, ఖర్చేం లేదు. అయితే అది ఉద్యోగాన్నీ అభ్యర్థినీ జత కలిపే వ్యవస్థ. మాట్లాడుకునే అడ్డా అక్కడ ఉండదు.

సాఫ్ట్‌వేర్‌లో అసలైన కమ్యూనిటీ చూడాలంటే హైదరాబాద్ పైథాన్ యూజర్ గ్రూపు ‘హైడ్‌పై’ లాంటివి చూడాలి. ఆన్‌లైన్‌లో కలుస్తారు, వీలైనప్పుడు ఎదురెదురుగా కలిసి, తమలో తామే పాఠాలు చెప్పుకుంటారు. దేశం మొత్తం నుంచి పైథాన్ వాళ్లు వచ్చే పైకాన్ ఇండియా సదస్సు 2018లోనూ 2023లోనూ హైదరాబాద్‌లోనే జరిగింది. ఇలాంటి చోట్ల వలంటీర్‌గా కుర్చీలు సర్దినా సరే, ఆ రోజు పరిచయమయ్యేవాళ్లలో మనుషుల్ని తీసుకునేవాళ్లు కూడా ఉంటారు. ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీ ఒకప్పుడు వేరే ఊరు లెక్క. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీ నగర్ మెట్రో మొదలైంది, 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా లైను తెరిచారు. ఇప్పుడు అమీర్‌పేటలో ఒక్క మార్పుతో వెళ్లిపోవచ్చు. దూరం అనే సాకు సగం తగ్గింది.

చుట్టాల కంటే ముఖ పరిచయం ఎందుకు ఎక్కువ పనిచేస్తుంది

మన ఇళ్లలో నౌక్రీ అంటే మొదట గుర్తొచ్చేది మామూ, చాచా, ఖాలూ. ‘ఆయన దగ్గర చెప్పి చూడు’ అంటారు. అది తప్పు కాదు. కానీ దానికో హద్దుంది. మామూకి తెలిసిన పని మనకూ తెలిసిన పనే. ఆయన చుట్టూ ఉన్నవాళ్లే మన చుట్టూ ఉంటారు. ఇంటిల్లిపాదీ ఒకే మార్కెట్లో పనిచేస్తే ఆ మార్కెట్ అవతల ఏముందో ఎవరికీ తెలియదు.

అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో దీని మీదే ఒక పేరున్న వ్యాసం రాశారు. పరిచయస్తుల ద్వారా ఉద్యోగం మారినవాళ్లను ఆయన అడిగింది ఒకటే, ఆ సమాచారం ఇచ్చిన మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు అని. తరచుగా అన్నవాళ్లు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 56 శాతం దాకా, ఎప్పుడో గాని కలవం అన్నవాళ్లు 28 శాతం దాకా ఉన్నారు. ఎక్కువమందికి ఉద్యోగం సంగతి చెప్పింది దగ్గరివాళ్లు కాదు, ముఖ పరిచయస్తులు.

దాదాపు యాభై ఏళ్ల తర్వాత లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందికి పైగా సభ్యులపై ఐదేళ్లు నడిచిన ప్రయోగాల ఫలితాలు 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. మరీ దగ్గరివాళ్లు కాదు, పూర్తిగా కొత్తవాళ్లూ కాదు, మధ్యరకం పరిచయాల వల్లే ఉద్యోగం మారే అవకాశం బాగా పెరిగిందని తేలింది. అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కంప్యూటర్ మీద నడిచే రంగాల్లో దూరపు పరిచయాలు ఎక్కువ పనిచేశాయి, అంతగా డిజిటల్ కాని రంగాల్లో దగ్గరి పరిచయాలే మెరుగు. అంటే మెకానిక్ షెడ్డులో పని కావాలంటే మామూ మాటకే ఇంకా బలం. డేటా ఎనలిస్ట్ పని కావాలంటే మామూ ఏం చేయలేడు, ఎవరో ముఖ పరిచయం ఉన్న మనిషి కావాలి. ఆ ముఖ పరిచయం దొరికే చోటు కమ్యూనిటీ.

పేరు చూసి పక్కన పెట్టే దగ్గర

ఇది మనకు ఇంకో రకంగా కూడా అవసరం. ముస్లిం మహిళల కెరీర్ల కోసం పనిచేసే లెడ్‌బై ఫౌండేషన్ 2022లో ఒక అధ్యయనం బయటపెట్టింది. చదువు, అర్హతలు ఒకే రకంగా ఉన్న రెండు రెజ్యూమెలు తయారు చేశారు. ఒకదాని మీద హబీబా అలీ, రెండోదాని మీద ప్రియాంక శర్మ అనే ఊహా పేర్లు. ప్రారంభ స్థాయి ఉద్యోగాల ప్రకటనలు వెయ్యింటికి రెండూ పంపారు. ప్రియాంకకు 208 చోట్ల నుంచి సానుకూల స్పందన వచ్చింది, హబీబాకు 103. సగానికి సగం.

ఈ లెక్క చదివి నిరాశపడటం తేలిక. నాకు మాత్రం ఇందులో పనికొచ్చే విషయం ఒకటి కనిపిస్తుంది. ఆ రెజ్యూమెలు చూసినవాడికి ఇద్దరి గురించీ పేరు తప్ప ఇంకేం తెలియదు. మనిషి పని ముందే చూసినవాడికి పేరొక్కటే ఆధారం కాదు. వివక్ష దీంతో పోతుందని అనడం లేదు, అది చట్టంతో, సంస్థల తీరుతో తేలాల్సిన పెద్ద సంగతి. కానీ రెండో తలుపు ఒకటుందని మన పిల్లలకు తెలియాలి. లెడ్‌బై స్వయంగా చేస్తున్నది కూడా అదే. రూహా షాదాబ్ స్థాపించిన ఈ సంస్థ చదువుకున్న ముస్లిం అమ్మాయిలను మెంటర్లతో, ఒకరితో ఒకరిని కలుపుతుంది.

మంచి గ్రూపు ఎలా నడుస్తుంది: జీఎస్టీ ఉదాహరణ

నేను బీకాం చదివాను కాబట్టి ఉదాహరణ కూడా అక్కడిదే తీసుకుంటాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యాలీ నేర్చుకుని బయటికొచ్చేవాళ్లకు లెక్కే లేదు. అందరి రెజ్యూమెలోనూ ‘ట్యాలీ, జీఎస్టీ, ఎంఎస్ ఆఫీస్’ అని ఒకే లైను. ఆడిటర్‌కు వీళ్లలో ఎవరిని పిలవాలో ఎలా తెలియాలి?

అకౌంటెంట్ల గ్రూపు ఒకటి ఉందనుకోండి. ప్రతి నెలా రిటర్ను వేసే వ్యాపారులకు 11వ తేదీ లోపల జీఎస్టీఆర్-1, 20వ తేదీ లోపల జీఎస్టీఆర్-3బి వేయాలి. ఆ తేదీలు దగ్గరపడేకొద్దీ గ్రూపులో ప్రశ్నలు మొదలవుతాయి. ‘సరఫరాదారు ఇన్వాయిస్ వేయలేదు, ఇన్‌పుట్ క్రెడిట్ కనబడటం లేదు, ఏం చేయాలి?’ అని ఒకరు. ‘క్రెడిట్ నోట్ ఏ టేబుల్లో చూపాలి?’ అని ఇంకొకరు. ఒకమ్మాయి స్క్రీన్‌షాట్‌లో క్లయింటు పేరు, జీఎస్టీ నంబరు చెరిపేసి, మెట్టు మెట్టుగా చెప్పి పంపుతుంది. మూడు నెలలు ఇలా జరిగాక ఆ గ్రూపులో ఉన్న ఆడిటర్‌కు ఆమె రెజ్యూమె అక్కర్లేదు. ఆమెకు పని వచ్చని తెలిసింది, క్లయింటు వివరాలు బయటపెట్టదని కూడా తెలిసింది. రెండోది రెజ్యూమెలో రాసుకునేది కాదు.

ఇలాంటి గ్రూపు మీరే పెట్టాలనుకుంటే, పాత కాలేజీ స్నేహితులు పదిహేను మంది చాలు. ఒక్క వృత్తికే పరిమితం చేయండి. ‘అన్ని రకాల ఉద్యోగాలు’ అని పెట్టిన గ్రూపులో నర్సుకు డ్రైవర్ ఉద్యోగాలు, డ్రైవర్‌కు జావా ఉద్యోగాలు కనిపించి ఇద్దరూ మ్యూట్ చేసేస్తారు. వారానికో రోజు ప్రశ్నలకని పెట్టండి. ఉద్యోగం గురించి పోస్టు చేసేవాళ్లు సంస్థ పేరు, చోటు, జీతం ఎంత నుంచి ఎంత దాకా, ఎవరిని కలవాలి అనే నాలుగూ రాయాల్సిందే అని ఒక నియమం పెట్టండి. జీతం రాయని పోస్టు తీసేయండి. ఇది కొందరికి కోపం తెప్పిస్తుంది, అయినా పరవాలేదు. మొదటి రెండు నెలలు గ్రూపు పెట్టినవాళ్లే మాట్లాడాల్సి వస్తుంది, ఆ తర్వాత గాని వేరేవాళ్లు నోరు విప్పరు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా పడతారు గానీ అంతమంది అక్కర్లేదు. వెయ్యి మంది ఉన్న గ్రూపులో ప్రశ్న అడగడానికి కొత్తవాళ్లు జంకుతారు.

మీరు షోరూమో క్లినిక్కో నడుపుతూ మనుషులు కావాలనుకునేవారైతే ఒక్క మాట. తీసుకోని అభ్యర్థికి కూడా జవాబివ్వండి. ‘ఈసారి కుదరలేదు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే వచ్చేసారి చూద్దాం’ అని రెండు లైన్లు చాలు. ఆ మనిషి మీ గ్రూపులో ఉండిపోతాడు, ఇంకో ఇద్దరిని తెస్తాడు.

పరీక్షల గ్రూపులు వృథా పోతున్నాయి

ఈ ప్రాంతంలో ఇప్పటికే గట్టి ఆన్‌లైన్ గ్రూపులు ఉన్నాయి. అవి ఉద్యోగాలవి కావు, పోటీ పరీక్షలవి. గ్రూప్-1, బ్యాంకు, ఎస్ఐ, డీఎస్సీ అభ్యర్థులు నోట్సులు పంచుకుంటారు, డౌట్లు తీర్చుకుంటారు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. కమ్యూనిటీకి కావలసిన గుణాలన్నీ ఉన్నాయి. కానీ 2022 ఏప్రిల్‌లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ లెక్క చూడండి. 503 పోస్టులకు 3.8 లక్షలకు పైగా దరఖాస్తులు. ఆ తర్వాత పేపర్ లీకు, పరీక్ష రద్దు, మళ్లీ పరీక్ష, చివరికి 2024 ఫిబ్రవరిలో నోటిఫికేషనే రద్దయి 563 పోస్టులతో కొత్తది రావడం అందరికీ గుర్తే. ఆ లక్షల మందిలో అత్యధికులు ఏదో ఒక రోజు ప్రైవేటు ఉద్యోగం చూసుకోవాల్సినవాళ్లే. అప్పటికి వాళ్ల గ్రూపు మూగబోతుంది, లేదా ఎవరో దాన్ని ప్రకటనల ఛానల్‌గా మార్చేస్తారు. తెలుగులో, ఇంగ్లీషులో చక్కగా రాయగలిగిన, లెక్కలు వచ్చిన, రెండేళ్లు క్రమశిక్షణతో కూర్చున్న మనుషుల గ్రూపు అది. కోచింగ్ సెంటర్లు తమ పాత విద్యార్థుల్లో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లను అదే గ్రూపులో ఉంచితే చాలు, కొత్త గ్రూపు పెట్టాల్సిన పని లేదు. ర్యాంకర్ల ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో ఇది పదో వంతు కూడా కాదు.

అమ్మాయిల నంబర్ల సంగతి

చాలా ఇళ్లలో అమ్మాయిని ఉద్యోగాల గ్రూపులో చేరనివ్వకపోవడానికి కారణం ఫోన్ నంబరు. ఆ భయం న్యాయమైనదే. మామూలు వాట్సాప్ గ్రూపులో మన నంబరు అందరికీ కనిపిస్తుంది. వాట్సాప్ ఛానల్‌ను ఫాలో అయితే మిగతా ఫాలోవర్లకు కనిపించదు. టెలిగ్రామ్‌లో ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు. లింక్డ్‌ఇన్‌లో నంబరు ఇవ్వకుండానే పని నడుస్తుంది, ‘ఉద్యోగం కోసం చూస్తున్నాను’ అన్న సంగతి రిక్రూటర్లకు మాత్రమే తెలిసేలా కూడా పెట్టుకోవచ్చు. వాట్సాప్ ప్రైవసీలో ‘గ్రూప్స్’ దగ్గర ‘మై కాంటాక్ట్స్’ అని పెడితే ముక్కూమొహం తెలియనివాళ్లు మనల్ని గ్రూపుల్లోకి లాగలేరు. ఇది అబ్బాయిలు కూడా చేసుకోవాల్సిందే, ఎందుకంటే కింద చెప్పబోయే మోసాలు ఎక్కువగా అలా లాగడంతోనే మొదలవుతాయి.

ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్, సర్టిఫికెట్ల ఫొటోలు గ్రూపులో ఎప్పుడూ పెట్టొద్దు. ఆఫర్ లెటరు చేతికి వచ్చాక, ఆఫీసు చూశాక ఇవ్వొచ్చు.

మోసం ఎక్కడ మొదలవుతుంది

గ్రూపులో నమ్మకం పెరిగేకొద్దీ మోసగాళ్లకూ అది పనికొస్తుంది. ‘లైకులు కొట్టండి, రోజుకు రెండు వేలు’ అని మొదలుపెట్టి, మొదట కొంచెం డబ్బు నిజంగానే వేసి, తర్వాత మన చేత డిపాజిట్లు కట్టించుకునే టెలిగ్రామ్ టాస్కుల మోసం అందరికీ తెలిసిందే. సాఫ్ట్‌వేర్ వైపు ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగాలది ఇంకో దారి. లక్షో రెండు లక్షలో కడితే ఆఫర్ లెటరు ఇస్తారు, రెండు మూడు నెలలు జీతం కూడా వేస్తారు, ఆ పైన ఆఫీసుకు తాళం. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు గానీ డబ్బు అడగడు. రిజిస్ట్రేషన్, ట్రైనింగ్, ల్యాప్‌టాప్ డిపాజిట్, ఏ పేరుతో అడిగినా ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేయాలి.

విదేశీ ఉద్యోగాల దగ్గర పోయేది డబ్బు ఒక్కటే కాదు. 2024 మార్చిలో రష్యా–ఉక్రెయిన్ యుద్ధంలో మన హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయినట్టు మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. హెల్పర్ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్లి సైన్యంలోకి పంపారు. యూట్యూబ్ లాంటి సోషల్ మీడియా వేదికల ద్వారా, స్థానిక ఏజెంట్ల ద్వారా యువకులకు గాలం వేశారని చెబుతూ సీబీఐ అదే నెలలో కేసు పెట్టి, పలు నగరాల్లో సోదాలు చేసింది. వీడియోలో మాట్లాడే మనిషి రోజూ కనిపిస్తుంటే మనకు తెలిసినవాడే అనిపిస్తుంది. అతని మాట నిజమో కాదో అడగడానికి అక్కడ ఇంకెవరూ ఉండరు. వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లి మోసపోయినవాళ్లు ఉన్న గ్రూపులో అదే ఆఫర్ పెడితే గంటలో పది ప్రశ్నలు వచ్చేవి.

సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్ లాంటి దేశాలకు పంపే ఏజెంట్‌కు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు నంబరు అడిగి, విదేశాంగ శాఖ ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో సరిచూసుకోవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంట్ కూడా సర్వీసు చార్జీగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే ఒప్పుకోవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపుతుంది, గ్రూపులో వచ్చిన ఆఫర్ గురించి అనుమానం ఉంటే ముందు అక్కడ అడగండి. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మోసగాడి ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారకముందే చెబితే బ్యాంకు దాన్ని ఆపగలుగుతుంది. ఫోన్ చేసేటప్పుడు లావాదేవీ నంబరు, ఏ ఖాతాకు పంపారు, ఎన్ని గంటలకు పంపారు అనే వివరాలు దగ్గర పెట్టుకోండి. గ్రూపులోని మెసేజీలు డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.